ఆఖరి ఆరు వారాలు: కోకా సుబ్బారావు గారి కథ

మన క్లాసులో సగం మందికి పాస్‌పోర్ట్ ఉంది. మిగిలిన సగంలో చాలామంది ఫైనల్ ఇయర్ అయ్యేలోపు అప్లై చేస్తారు. స్లాట్ బుక్ చేసుకోవడం, టోకెన్ పట్టుకుని కూర్చోవడం, తర్వాత పోలీస్ వెరిఫికేషన్ కోసం ఎదురు చూడడం, ఇదంతా మనకి తెలిసిన తంతే. పాస్‌పోర్ట్ ఇవ్వము అంటే దానికి చట్టంలో కారణం ఉండాలన్నది కూడా మనం ఆలోచించకుండానే నమ్మేసే విషయం. కానీ 1967 ఏప్రిల్ దాకా అలా లేదు. పాస్‌పోర్ట్ ఇవ్వడం, ఇవ్వకపోవడం, ఇచ్చింది వెనక్కి అడగడం అన్నీ ప్రభుత్వం ఇష్టం. దాని మీద ప్రత్యేకంగా ఒక చట్టం కూడా లేదు.

1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల బెంచి ఈ పద్ధతి కుదరదని 3-2 మెజారిటీతో తేల్చింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి వేసిన కేసు అది. విదేశాలకి వెళ్లడం కూడా మనిషి వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, దాన్ని ఆపాలంటే చట్టం ఉండాలని ఆ తీర్పు సారాంశం. అదే సంవత్సరం పార్లమెంటు పాస్‌పోర్ట్ చట్టం చేసింది. ఎమ్మెస్ కలలు కనే ప్రతివాడూ ఒకసారి ఆ బెంచికి దండం పెట్టుకోవాలి.

ఆ మెజారిటీ తీర్పు రాసింది మన తెలుగాయనే. రాజమండ్రి మనిషి. భారత ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ఆ మర్నాడే, అంటే ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేశారు. రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి.

మొన్న మన క్లబ్ డిబేట్ టాపిక్ గుర్తుందిగా, సుప్రీంకోర్టు మీద జనానికి నమ్మకం తగ్గుతోందా అని. డిబేట్ గంటలో అయిపోయింది కానీ హాస్టల్‌లో గొడవ మూడు రోజులు నడిచింది. ఒక బ్యాచ్ జడ్జిలందరూ అంతే అంటుంది, ఇంకో బ్యాచ్ కోర్టుని ఒక్క మాట కూడా అనకూడదు అంటుంది. నేను ఏ బ్యాచ్‌లోనూ ఇమడలేక లైబ్రరీకి పోయి పాత పుస్తకాలు తిరగేశాను. అక్కడ దొరికారు సుబ్బారావు గారు. మొదట మనవాడు అన్న గర్వంతోనే చదివాను. చదివే కొద్దీ ఒక ముల్లు గుచ్చుకుంది. ఆ గర్వం గురించీ ఆ ముల్లు గురించీ రెండూ రాయాలనిపించింది.

గోదావరి నుంచి ఢిల్లీకి

సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. నాన్నగారు లాయరు, ఈయన చిన్నతనంలోనే పోయారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ, మద్రాసులో లా. అప్పట్లో మనవాళ్లకి హైకోర్టు అంటే మద్రాసే. మామగారి ఆఫీసులో జూనియర్‌గా చేరి పని నేర్చుకున్నారు. మధ్యలో కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మున్సిఫ్‌గా కూడా పనిచేశారు. తర్వాత బావమరిది పి.వి.రాజమన్నార్ గారితో కలిసి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. రాజమన్నార్ గారు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సుబ్బారావు గారు 1948లో అదే హైకోర్టులో జడ్జి అయ్యారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జూలైలో గుంటూరులో మొదలైన ఆ హైకోర్టుకి మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి ఈయనే. ఒక కొత్త రాష్ట్రానికి కొత్త హైకోర్టు నిలబెట్టడమంటే భవనం, బల్లలు, బీరువాలు సర్దితే సరిపోదు. నిన్నటిదాకా మద్రాసు రైలెక్కిన రైతు రేపట్నుంచి గుంటూరులో తనకి న్యాయం దొరుకుతుందని నమ్మాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైకోర్టు హైదరాబాద్‌కి మారింది. అక్కడా ఈయనే ప్రధాన న్యాయమూర్తి. 1958 జనవరి 31న సుప్రీంకోర్టు జడ్జిగా ఢిల్లీ వెళ్లారు.

కృష్ణా జిల్లా బస్సులు

ఢిల్లీ వెళ్లిన మొదటి ఏడాదే మన ఊళ్ల కేసొకటి ఆయన ముందుకి వచ్చింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు తీసేసి రూట్లన్నీ ఆర్టీసీకి ఇవ్వాలని ప్రభుత్వం స్కీము వేసింది. ప్రైవేటు బస్సుల వాళ్లు అభ్యంతరాలు చెప్పారు. చట్టం ప్రకారం వాటిని ప్రభుత్వం వినాలి. విన్నది రవాణా చూసే శాఖ కార్యదర్శి. స్కీముని ఓకే చేస్తూ నిర్ణయం తీసుకున్నది ఆ శాఖ తన దగ్గరే ఉన్న ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు అని లా స్టూడెంట్లు ఇప్పటికీ చదివేది ఇదే.

మన భాషలో చెప్పుకుందాం. వైవా తీసుకున్న సార్ ఒకరు, నిన్ను చూడకుండా మార్కులేసిన సార్ ఇంకొకరు. పైగా వైవా తీసుకున్న సార్‌కి నిన్ను తప్పించాలని ముందే ఉంటే? మార్కులు కరెక్టుగానే పడి ఉండొచ్చు. కానీ నీకు నమ్మకం ఎలా కలుగుతుంది?

సుబ్బారావు గారు రాసిన మెజారిటీ తీర్పు సరిగ్గా ఇదే చెప్పింది. విన్నవాళ్లే నిర్ణయించాలి. వ్యవహారంలో ఒక పక్షంగా ఉన్న శాఖ అధికారే న్యాయమూర్తి కుర్చీలో కూర్చుని వాదనలు వినకూడదు. నిజంగా పక్షపాతం చూపించాడా లేదా అన్న దాని దాకా కూడా వెళ్లక్కర్లేదు, ఎదుటి మనిషికి ఆ అనుమానం రావడానికి సరైన కారణం ఉంటే చాలు. దాంతో ఆ ఆమోదం రద్దయింది.

ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి ఫ్రెండ్స్. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఒంటరిగా రాసిన మాటలు

సుప్రీంకోర్టులో ఆయనకి పెద్ద పేరు తెచ్చినవాటిలో చాలా వరకు ఓడిపోయిన అభిప్రాయాలే. అంటే మెజారిటీ జడ్జిలు ఒకటి చెబితే ఈయన విడిగా ఇంకోటి రాసినవి.

1962లో ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఒక మనిషిని దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టడం, ఇంటికి ఎవరొస్తున్నారో చూడడం, ఎక్కడికి వెళ్తే అక్కడికి వెనకాల నీడలా తిరగడం. మెజారిటీ జడ్జిలు రాత్రి తలుపు కొట్టడం వరకు తప్పన్నారు, మిగతాదానికి ఒప్పుకున్నారు. ప్రైవసీ మన రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు గారు, ఆయనతో పాటు జస్టిస్ షా, మొత్తం నిఘా తప్పే అన్నారు. ఎప్పుడూ ఎవరో చూస్తున్నారన్న భయంతో బతికే మనిషికి స్వేచ్ఛ ఉందని ఎలా అంటాం అన్నది ఆ అభిప్రాయం వెనక ఉన్న ప్రశ్న.

అది ఓడిపోయిన అభిప్రాయం. కానీ 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు కలిసి ప్రైవసీ ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చారు. ఖరక్ సింగ్ కేసులో ప్రైవసీ లేదన్న మాటని కొట్టేశారు. యాభై ఐదేళ్ల కింద సుబ్బారావు గారు రాసిందే చివరికి నిలిచింది. మన ఫోన్ డేటా గురించి, ఆధార్ గురించి ఇవాళ మనం మాట్లాడగలుగుతున్న ప్రతి మాటకీ వెనక ఆ పేజీలున్నాయి.

చైనా యుద్ధం తర్వాత ఎమర్జెన్సీ పెట్టి జనాన్ని విచారణ లేకుండా జైల్లో ఉంచినప్పుడు కూడా అంతే. 1963లో మాఖన్ సింగ్ కేసులో మెజారిటీ జడ్జిలు అలాంటి ఖైదీలకి కోర్టు తలుపు చాలావరకు మూసేస్తే, ఆయన విడిగా రాసి, హైకోర్టుకి వెళ్లే దారి తెరిచే ఉండాలన్నారు.

గోలక్‌నాథ్

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మన రాష్ట్రం నుంచి ఆ కుర్చీ దాకా వెళ్లిన తొలి మనిషి. ఎనిమిది నెలలకి గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది.

పంజాబ్‌లో జలంధర్ దగ్గర ఒక కుటుంబానికి దాదాపు 500 ఎకరాల భూమి ఉండేది. 1953 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం ఒక్కొక్కరు 30 ఎకరాలు ఉంచుకోవాలి, మిగతాదాంట్లో కొంత కౌలుదార్లకి, ఇంకొంత మిగులు భూమి కింద ప్రభుత్వానికి. ఈ చట్టాన్ని కోర్టు ముట్టుకోకుండా పార్లమెంటు 17వ సవరణతో రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూల్లో పెట్టేసింది. కేసు అక్కడ్నుంచి పెద్దదైంది. అసలు పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి ప్రాథమిక హక్కుల్ని తగ్గించగలదా? 1951లో ఒకసారి, 1964లో ఇంకోసారి సుప్రీంకోర్టు తగ్గించగలదు అని చెప్పింది. ఇప్పుడు 11 మంది జడ్జిలు కూర్చున్నారు. 1967 ఫిబ్రవరి 27న తీర్పు. 6-5. తగ్గించలేదు అన్నారు. ఒకే ఒక్క ఓటు తేడా.

పాత సవరణలన్నీ చెల్లవంటే అప్పటిదాకా దేశమంతా జరిగిన భూసంస్కరణలు ఒక్కరోజులో తలకిందులైపోతాయి. అందుకని సుబ్బారావు గారు అమెరికా కోర్టుల నుంచి ఒక పద్ధతి తెచ్చారు. ఈ తీర్పు ఇవాళ్టి నుంచి ముందుకే వర్తిస్తుంది, వెనక్కి కాదు. మన కాలేజీలో కొత్త రెగ్యులేషన్ వచ్చినప్పుడు పై బ్యాచ్‌కి పాత రెగ్యులేషనే ఉంటుంది చూడండి, అలా. అందువల్ల గమ్మత్తేమిటంటే, సూత్రం గెలిచింది గానీ కేసు వేసిన గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి రాలేదు.

కానీ ఊళ్లో తీర్పు పేజీలు ఎవరు చదువుతారు? దున్నేవాడికి భూమి రావాలని కోరుకునేవాళ్ల చెవిన పడింది ఒక్కటే, కోర్టు భూస్వాముల పక్షాన నిలబడిందని. ఇంకో పక్కన, ప్రభుత్వం ఎప్పుడు కావాలంటే అప్పుడు హక్కులు తీసేసుకుంటుందని భయపడేవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. దేశం రెండుగా చీలి మాట్లాడుకుంది. ఇందులో తప్పేం లేదు. పెద్ద తీర్పు వచ్చినప్పుడు సగం మందికి కోపం వస్తుంది. కోపమొచ్చినా, జడ్జి తను నమ్మిందే రాశాడులే అనుకుంటే ఆ కోర్టు మీద నమ్మకం మిగిలే ఉంటుంది.

ఆ ఆరు వారాలు

ఫిబ్రవరి 27 నుంచి ఏప్రిల్ 11కి లెక్కేస్తే 43 రోజులు.

ఆ టైములో దేశంలో ఏం జరుగుతుందో చూడండి. 1967 ఫిబ్రవరి సాధారణ ఎన్నికల్లో కాంగ్రెస్ బలం బాగా తగ్గింది. చాలా రాష్ట్రాల్లో అధికారం జారిపోయింది. రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు కాబట్టి ఈసారి గెలవచ్చన్న ఆశ ప్రతిపక్షాలకి మొదటిసారి కలిగింది. కాంగ్రెస్ అభ్యర్థి అప్పటి ఉపరాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు, ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఆయనకి ఎదురుగా పెద్ద పేరున్న మనిషి కావాలి. ప్రతిపక్షాలు సుబ్బారావు గారిని అడిగాయి. ఆయన సరేనన్నారు. రిటైరవడానికి ఇంకా మూడు నెలలుంది. ఏప్రిల్ 11న రాజీనామా చేసి బరిలోకి దిగారు.

మే 6న పోలింగ్. మొత్తం 17 మంది అభ్యర్థులు, అసలు పోటీ ఇద్దరికే. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 విలువ ఓట్లు, సుబ్బారావు గారికి 3,63,971. అప్పటిదాకా జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో ఓడిన అభ్యర్థికి ఇంత గట్టిగా ఓట్లు పడింది ఇదే మొదటిసారి.

చట్టం ప్రకారం ఆయన చేసిందాంట్లో తప్పు లేదు. సుప్రీంకోర్టు జడ్జిగా చేసినవాళ్లు మళ్లీ ఏ కోర్టులోనూ వాదించకూడదని రాజ్యాంగంలో ఉంది, ఎన్నికల్లో నిలబడకూడదని లేదు. రాష్ట్రపతి పదవి ప్రభుత్వం చేతిలో పెట్టే ఉద్యోగం కూడా కాదు. ప్రభుత్వాన్ని కాదని, గెలుపు గ్యారెంటీ లేని చోట నిలబడ్డాడు కాబట్టి ధైర్యం అని కూడా అనొచ్చు.

అయినా ముల్లు గుచ్చుకునేది ఇక్కడే. ప్రభుత్వానికి పెద్ద దెబ్బ లాంటి తీర్పు, ఒక్క ఓటు తేడాతో. ఆరు వారాలకి ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తే ఆ ప్రభుత్వానికి ఎదురు నిలిచిన పార్టీల అభ్యర్థి. క్రికెట్‌లో అంపైర్ ఒక టీమ్ కెప్టెన్‌ని ఎల్బీడబ్ల్యూ ఇచ్చాడనుకోండి. బంతి స్టంప్స్‌కే తగులుతుంది, అవుట్ కరెక్టే. సిరీస్ అవ్వకుండానే ఆయన అంపైర్ కోటు విప్పి ఎదుటి టీమ్ జెర్సీ వేసుకుని గ్రౌండ్‌లోకి వస్తే? ఆ అవుట్ గురించి జనం ఇక ఏమనుకుంటారు? రీప్లే ఎన్నిసార్లు వేసినా ఉపయోగం ఉండదు.

ఆయన తీర్పు రాసేటప్పుడే పోటీ గురించి ఆలోచించారని నేను అనడం లేదు. ఆయన పాత తీర్పులు చదివినవాళ్లకి గోలక్‌నాథ్ ఆశ్చర్యం కలిగించదు. పదేళ్లుగా ఆయన రాస్తున్న దారే అది. కానీ ఆ పదేళ్ల తీర్పులు చదివినవాళ్లు ఎంతమంది? మిగతా జనానికి కనపడేది తేదీలే. ఇప్పుడు కృష్ణా జిల్లా బస్సుల కేసు గుర్తు చేసుకోండి. పక్షపాతం నిజంగా ఉందా లేదా అన్న దాని దాకా వెళ్లక్కర్లేదు, అనుమానానికి సరైన కారణం ఉంటే చాలు అని చెప్పింది ఎవరు? ఆయనే. తన కలంతో రవాణా శాఖ కార్యదర్శికి పెట్టిన కొలతని తనకి తాను పెట్టుకుని ఉంటే, ఏప్రిల్‌లో ఆ పిలుపు వచ్చినప్పుడు ఆయన ఏమని ఉండేవారు?

ఇంకో చిక్కు కూడా ఉంది. రాష్ట్రపతి ఎన్నిక మీద వివాదం వస్తే తేల్చేది సుప్రీంకోర్టే. అలాగే వచ్చింది. జాకిర్ హుస్సేన్ గారి ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టుకి వెళ్లారు. నిన్నటిదాకా సుబ్బారావు గారి పక్కన కూర్చున్న జడ్జిలు, ఆయన ఓడిపోయిన ఎన్నిక మీద తీర్పు చెప్పాల్సి వచ్చింది. వాళ్లు పిటిషన్లు కొట్టేశారు. వాళ్లు ఏ తీర్పు చెప్పినా ఎవరో ఒకరు గుసగుసలాడే పరిస్థితి మాత్రం వచ్చింది.

తర్వాత

ఓడిపోయాక ఆయన మళ్లీ ఏ పదవికీ వెళ్లలేదు. రాజ్యాంగం మీద ప్రసంగాలిస్తూ, రాస్తూ గడిపారు. కానీ ఆయన మొదలుపెట్టిన గొడవ ఆగలేదు. 1970లో బ్యాంకుల జాతీయీకరణ, రాజభరణాల రద్దు రెండూ సుప్రీంకోర్టులో ఓడిపోయాయి. కోర్టు పేదవాడి దారికి అడ్డం పడుతోందన్న మాట ఎన్నికల సభల దాకా వెళ్లింది. 1971లో పార్లమెంటు 24వ సవరణ చేసి గోలక్‌నాథ్ తీర్పుని దాటేసింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జిలు గోలక్‌నాథ్‌ని పక్కన పెట్టారు. పెడుతూనే, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని మాత్రం పార్లమెంటు మార్చలేదని 7-6తో తేల్చారు. సుబ్బారావు గారి దారి వదిలేశారు గానీ ఆయన భయాన్ని మాత్రం ఒప్పుకున్నారు.

ఆ వెంటనే ప్రభుత్వం ముగ్గురు సీనియర్ జడ్జిల్ని, షెలత్, హెగ్డే, గ్రోవర్ గార్లని దాటేసి, ప్రభుత్వానికి అనుకూలంగా రాసిన ఎ.ఎన్.రే గారిని ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ముగ్గురూ రాజీనామా చేశారు. పార్లమెంటులో మంత్రి మోహన్ కుమారమంగళం గారు దీన్ని సమర్థిస్తూ, జడ్జిని ఎంచేటప్పుడు ఆయన సామాజిక దృక్పథం కూడా చూడాలని వాదించారు. ఆరేళ్ల కిందటి ఆ ఒక్క రాజీనామా వల్లే ఇదంతా జరిగిందంటే అది అబద్ధం. ప్రభుత్వం తప్పు ప్రభుత్వానిదే. కానీ జడ్జిలకీ రాజకీయాలు ఉంటాయిలే అనేవాడికి ఒక రెడీమేడ్ ఉదాహరణ దొరికింది. అది ఇచ్చింది మాత్రం మనవాడే.

1975లో ఎమర్జెన్సీ. వేలమంది విచారణ లేకుండా జైల్లో. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు 4-1తో, అలా జైల్లో పెట్టినవాళ్లు విడుదల కోసం కోర్టుకి రావడానికి వీల్లేదని చెప్పింది. సుప్రీంకోర్టు మీద నమ్మకం అంత కిందికి ఎప్పుడూ పడలేదని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదన్నది ఒక్కరే, జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా. 13 ఏళ్ల కిందట మాఖన్ సింగ్ కేసులో సుబ్బారావు గారు కోర్టు తలుపు తెరిచి ఉంచమన్నారు కదా, ఇప్పుడు అది పూర్తిగా మూసుకుపోయింది.

ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకి, 1976 మే 6న సుబ్బారావు గారు కన్నుమూశారు. తొమ్మిదేళ్ల కింద సరిగ్గా అదే తేదీన ఆయన పోటీ చేసిన పోలింగ్ జరిగింది.

ఖన్నా గారి కథ కూడా ఒక్క ముక్క చెప్పాలి. 1977 జనవరిలో ఆయన్ని దాటేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు, ఆయన రాజీనామా చేశారు. 1982లో ఆయన కూడా ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు, ఆయన కూడా ఓడిపోయారు. కానీ జబల్‌పూర్ అభిప్రాయం ఈ పోటీ కోసం రాశాడని అనుమానించడానికి దారి లేదు. ఆ అభిప్రాయం వల్ల ఆయన పోగొట్టుకున్నదేమిటో అందరూ చూశారు. మధ్యలో కోర్టు కుర్చీ వదిలి ఐదేళ్లు గడిచాయి. ఇద్దరూ నిలబడింది ఒకే పదవికి. 43 రోజులకీ ఐదేళ్లకీ ఉన్న తేడానే జనం చూసే తేడా.

మన గొడవకి వస్తే

హాస్టల్‌లో మూడు రోజుల గొడవకి నాకు దొరికిన జవాబు ఇది. తీర్పు నచ్చకపోవడం వేరు, కోర్టుని నమ్మకపోవడం వేరు. గోలక్‌నాథ్ తీర్పు సగం దేశానికి నచ్చలేదు, దాంతో కోర్టు కూలిపోలేదు. జడ్జి కుర్చీలో కూర్చున్నప్పుడు ఎటు చూస్తున్నాడన్న అనుమానం వస్తే మాత్రం మంచి తీర్పు మీద కూడా మరక పడుతుంది. ఆ నమ్మకం ఏ ఒక్క జడ్జి సొంత సొమ్మూ కాదు. ఆయన కంటే ముందు కూర్చున్నవాళ్లు కూడబెట్టి పెట్టి వెళ్లింది, తర్వాత వచ్చేవాళ్లకి అప్పగించాల్సింది. ఎంత గొప్ప మనిషైనా తన కోసం అందులోంచి కొంత వాడుకుంటే ఆ లోటు తర్వాతివాళ్లు పూడ్చుకోవాలి.

అలాగని సుబ్బారావు గారు నాకు చిన్నగా కనపడడం లేదు. ఆరు వారాల గురించి అడగొచ్చు, అడగాలి కూడా. అడిగాక కూడా గుంటూరు హైకోర్టు మిగులుతుంది, బస్సుల కేసు మిగులుతుంది, ప్రైవసీ గురించి ఆయన రాసి ఓడిపోయి చివరికి గెలిచిన పేజీలు మిగులుతాయి. జడ్జిలందరూ అంతే అనేవాళ్లు ఆ పేజీలు చదవాలి. కోర్టుని ఒక్క మాట అనకూడదు అనేవాళ్లు ఆ తేదీలు చూడాలి.

ఈసారి పాస్‌పోర్ట్ చేతికొచ్చినప్పుడు మొదటి పేజీ తిప్పి ఫొటో బాగా వచ్చిందా లేదా చూసుకుంటాం కదా. అప్పుడు ఒక్క నిమిషం ఏప్రిల్ 10ని తలుచుకోండి. తలుచుకున్నాక ఏప్రిల్ 11ని కూడా.